పాత మోటారు పడవకు క్రొత్త తీగలు

గోదావరీ డెల్టా రైతులకు పడవ క్రొత్త వస్తువు కాదు. ధవళేశ్వరము ఆనకట్ట 1852 వ సంవత్సరమున పూర్తియైన పిదప త్రవ్వబడిన కాలువలు పొలములకు నీటిని, పడవలకు దారిని ఒక్కమారే ఇచ్చినవి. రోడ్లును లారీలును వచ్చిన తరువాత కాలువలపై ధాన్యపు పడవలు అరుదైనవి. ఇప్పుడు పడవ వేఱొక వేషమున మరల వచ్చుచున్నది. లంకలను, ఏటిపాయలను చూడవచ్చు యాత్రికులను త్రిప్పి నాలుగు రూకలు సంపాదింపవచ్చునను ఆశతో, ఎక్కడనో జలాశయముపై విహారమునకు వాడి విడిచిన పాత మోటారు పడవను తక్కువ వెలకు తెచ్చుకొనువారు కలరు. ఇట్టి పడవను కొనవచ్చునా, కొన్నచో ఎట్లు బాగు చేయవలయునని కొందఱు సభ్యులు మమ్ము అడిగినందున ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పడవ కొనువాడు మొదట దాని రంగు చూచును; పిదప ఇంజను ధ్వని వినును. ఈ రెండును అమ్మువాడు చూపింపగోరునవియే. చూపింపనిది, తానును ఎఱుగనిది ఒకటి కలదు. అది పలకల వెనుక, పడవ అడుగున దాగియున్న విద్యుత్ తీగల కట్ట. రంగు పోయిన పడవ మునిగిపోదు; ఇంజను ఆగిన పడవను గడవేసి గట్టు చేర్పవచ్చును. తీగ కాలిన పడవలో నున్నవారికి ముందు నుయ్యి, వెనుక గొయ్యి. 2018 మే నెలలో గోదావరిపై పాపికొండలకు పోవుచున్న విహారపు పడవ యొకటి అగ్నికి ఆహుతియైనది. నూఱుమందికి పైగా యాత్రికులు బ్రతికి బయటపడిరి. విద్యుత్ తీగలలో పుట్టిన దోషమే కారణమై యుండునని నాడు పత్రికలు వ్రాసినవి. కావున మేము చెప్పదలచినది ఒక్కటే: పాత పడవ తీగలకు అతుకులు వేయవలదు, అన్నిటిని తీసివైచి మొదటినుండి క్రొత్తవి వేయుడు. అంత ఖర్చునకు ఓర్వలేనిచో పడవను కొనకుడు.

తీగకు ముందు చూడవలసినవి

తీగల పని మొదలిడుటకు ముందు, ఆ ఖర్చు పెట్టదగిన పడవ అవునో కాదో తేల్చుకొనవలయును. ఫైబరు పడవలు పైకి గాజువలె గట్టిగ నున్నను, చాల వాటి వెనుక పలకలోపల చెక్క యుండును. మోటారు తగిలించునది దానికే. మేకు రంధ్రములగుండ నీరు దిగి ఆ చెక్క లోలోపల క్రుళ్లును. కుండను కొనునపుడు వ్రేలితో కొట్టి చూచినట్లు, ఉలిపిడితో ఆ పలకను బెత్తెడు బెత్తెడున కొట్టి చూడుడు. ఖణీమని మ్రోగిన మంచిది. బద్దశబ్దము వచ్చిన చోట క్రుళ్లు కలదని అనుమానింపుడు. ఆ పలకయే చెడిన పడవకు తీగలు వేయుట పునాదిలేని ఇంటికి సున్నము కొట్టుటయే.

రెండవది పెట్రోలు గొట్టములు. మన దేశమున పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలుపుట 2025 నాటికి అమలునకు వచ్చినది. ఆ ఇథనాలు చెఱకునుండి, మొక్కజొన్ననుండి, నూకలనుండి తీయబడుచున్నందున అది రైతుకు సంతోషమే. కాని పాత పడవలలోని రబ్బరు గొట్టములు దానికి ఓర్వలేవు. మెత్తబడి, ఉబ్బి, పగులును. అదియునుగాక ఇథనాలు నీటిని పీల్చుకొని, నెలల తరబడి నిలువయున్న ట్యాంకులో అడుగునకు చేరును. కావున గొట్టములను ఇథనాలుకు తగిన క్రొత్తవానితో మార్చి, నిలువయున్న పెట్రోలును తీసివేయవలయును.

తీగ ఏల చెడును

ఇంటిలోని తీగ ముప్పది యేండ్లు నిలిచినపుడు పడవలోనిది ఏల నిలువదని అడుగవచ్చును. ఇంటి తీగ కదలదు, తడియదు. పడవ తీగ ఇంజను అదురునకు నిత్యము కదలుచుండును. ఒంటిపోగు తీగ అట్టి అదురునకు లోపలనే విఱిగి, పైతొడుగు మాత్రము చెక్కుచెదరక కనబడును. తీగ కొస తడిసినచో రాగి పోగులమధ్య నీరు ప్రాకి మూరెడు దూరము లోపలికి పోవును. అంతర్వేది, యానాము ప్రాంతములలో పోటు వేళ ఉప్పునీరు ఏటిలోనికి ఎగదన్నును గనుక అచ్చట ఈ చేటు మఱింత త్వరగ కలుగును. రాగికి చిలుము పట్టును. చిలుము పట్టిన అతుకు విద్యుత్తును అడ్డగించును. అడ్డగింపబడిన చోట వేడి పుట్టును. ఆ వేడికి తొడుగు కరగును.

ఒక లంక గ్రామమున పదునెనిమిది అడుగుల పాత విహారపు పడవ పలకను విప్పినపుడు మేము చూచినది ఇట్లుండెను. దీపపు తీగకు ఇంటి తీగ ముక్కను మెలిపెట్టి నల్లటేపు చుట్టియుండిరి. టేపు జిగురు కరగి జారిపోయెను. నీరు తోడు పంపు తీగ అతుకు సరిగ్గ నీరు నిలుచు పల్లములోనే యుండెను. ఒక ఫ్యూజు మాటిమాటికి పోవుచుండగా, దానికి బదులు రాగిపోగు చుట్టి పెట్టిరి. అన్నిటికంటె విశేషమేమనగా, ఆ పడవలోని దీపములు వెలుగుచునే యుండెను, హారను మ్రోగుచునే యుండెను. పనిచేయుచున్నది గనుక బాగున్నదనుకొనుట పాత పడవ విషయమున చెల్లదు.

కాలువ లెక్కతో తీగ లెక్క

విద్యుత్తు పాఱుదల రైతుకు తెలియని విద్య కాదు. బ్యాటరీ జలాశయము, లావు తీగ ప్రధాన కాలువ, స్విచ్చులు తూములు, సన్నతీగలు బోదెలు. బోదె ఇఱుకైనచో చివరి చేనికి నీరందనట్లే, తీగ సన్నమైనచో కొసనున్న పంపునకు వోల్టులందవు. ఒక భేదము మాత్రము మఱువరాదు. చేనికి పోయిన నీరు తిరిగి రానక్కఱలేదు. విద్యుత్తు పోయిన దారి పూర్తిగ తిరిగి రావలయును. ట్రాక్టరులో ఇనుప చట్రమే ఆ తిరుగుదారి. ఫైబరు పడవకు చట్రము లేదు గనుక ప్రతి దీపమునకు, ప్రతి పంపునకు రెండేసి తీగలు వేయవలయును. దూరమును లెక్కించునప్పుడు రాకపోకలు రెండును కలుపవలయును.

ఉదాహరణము: 5 ఆంపియరులు తీసికొను పంపు బ్యాటరీకి 5 మీటరుల దూరమున నున్నది. రాకపోకలు 10 మీటరులు. 1 చదరపు మిల్లీమీటరు తీగ వేసిన, 12 వోల్టులలో ఇంచుమించు 1 వోల్టు దారిలోనే పోవును. 2.5 తీగలో 0.4 వోల్టు పోవును. 4 తీగలో పావు వోల్టు మాత్రమే పోవును. పంపు, రాత్రి దీపములు మొదలగు ప్రాణావసరములకు నూటికి 3 పాళ్లకు మించి, అనగా 0.36 వోల్టునకు మించి నష్టము పనికిరాదని పడవ పనివారి నియమము. కావున ఈ పంపునకు 4 చదరపు మిల్లీమీటరుల తీగయే తగినది. రూపాయి మిగులునని సన్నతీగ వేసినవాడు, పడవలోనికి నీరు వచ్చిన దినముననే పంపు నెమ్మదించుట చూచును.

తీగ పలుపోగులది, ప్రతి పోగునకు కళాయి పూసినది కావలయును. కొసలకు మెలికలు పెట్టక రింగు లగ్గులు తొడిగి, తగిన పటకారుతో నొక్కి, జిగురుతో గూడి వేడికి ముడుచుకొను గొట్టము ఎక్కింపవలయును. తగరముతో అతికిన మాత్రమున చాలదు. అదురునకు అతుకు ప్రక్కనే తీగ విఱుగును. మూరెడు మూరెడునకు తీగను పడవ మేనికి బిగింపవలయును. అతుకులన్నియు నీరు చేరని ఎత్తున నుండవలయును.

ఇక ఫ్యూజు. చాలమంది ఇది దీపమును కాపాడుటకని తలతురు. ఇది తీగను కాపాడుటకు. బ్యాటరీ రెండు ధ్రువములు తగిలినచో క్షణములో వందల ఆంపియరులు పాఱి తీగ ఎఱ్ఱగ కాలును. కావున ఫ్యూజు బ్యాటరీ చెంతనే యుండవలయును. అమెరికా దేశపు పడవ నియమములు 7 అంగుళముల లోపల నుండవలయునని చెప్పుచున్నవి; అనగా జానెడుకన్న తక్కువ. ఫ్యూజునకు ముందున్న తీగకు కాపు లేదని జ్ఞాపకముంచుకొనుడు. ఒకే స్విచ్చితో బ్యాటరీనంతయు విడదీయు ఏర్పాటు కూడ చేయవలయును. నీరు తోడు పంపునకు మాత్రము ప్రత్యేక ఫ్యూజు పెట్టి బ్యాటరీనుండి నేరుగ తీగ వేయుడు. పడవ రేవులో కట్టియున్న రాత్రి, ప్రధాన స్విచ్చి ఆపియున్నను, నీరు లేచినపుడు తేలుడు స్విచ్చి ఆ పంపును నడపవలయును.

ఆవిరి, వాయువు, గట్టు కరెంటు

పెట్రోలు ఆవిరి గాలికన్న బరువైనది. అది పైకి పోక పడవ అడుగున చేరును. ఇంజను లోపల నమర్చిన పడవలలో, నడుపుటకు ముందు 4 నిమిషములు పంకా నడిపి ఆ ఆవిరిని వెలికి పంపవలయును. తక్కువ ధరకు వచ్చునని కారు స్టార్టరును, కారు డైనమోను ఇట్టి పడవకు బిగింపరాదు. వానిలో పుట్టు నిప్పురవ్వ కారునుండి క్రిందికి గాలిలో కలిసిపోవును. పడవలో ఆవిరికి తగులును. బ్యాటరీ చార్జియగునపుడు హైడ్రోజను వాయువు పుట్టును గనుక దానిని గాలియాడు పెట్టెలో, ఒఱగకుండ బిగించి, ధ్రువములపై మూతలు వేసి యుంచవలయును. పనికి ముందు ఋణ ధ్రువపు తీగను మొదట విప్పుడు. పనియైన పిదప దానిని కడపట బిగింపుడు.

మఱియొక అపాయము మన పల్లెలకు ప్రత్యేకముగ చెప్పవలసినది. పంపుసెట్టు కరెంటునుండి తీగ లాగి, నీటిలోనున్న పడవలో బ్యాటరీని చార్జి చేయు తలంపు కొందఱికి కలుగవచ్చును. ఇది ఎన్నడును చేయరాదు. ఆ విద్యుత్తు నీటిలోనికి దిగినచో దగ్గఱ ఈదువాని అవయవములు బిగిసి అతడు మునిగిపోవును. ఉప్పునీటికన్న మంచినీటిలోనే ఈ అపాయమెక్కువ. ఏలయన ఏటి నీటికన్న లవణము గల మనుష్యదేహమే విద్యుత్తునకు సులభమైన దారి. బ్యాటరీని విప్పి, ఇంటికి తెచ్చి చార్జి చేయుడు. నిండిన బ్యాటరీ నిలకడగ నున్నపుడు 12.6 వోల్టులు చూపును, 12.2 చూపినచో సగము ఖాళీయైనట్లు.

పని ముగిసిన పిదప

తీగలన్నియు వేసిన తరువాత ఒక్కొక్క దానిని నడుపుచు పరీక్షింపవలయును. పంపు నడుచుచుండగా దాని కొసననే మల్టీమీటరు పెట్టి వోల్టులు చూడుడు. పావుగంట గడచిన పిదప ప్రతి అతుకును చేతితో తాకుడు. వేడిగ నున్నది చెడ్డ అతుకు. పడవ అడుగున రెండు బిందెల నీరు పోసి తేలుడు స్విచ్చి తనంతట తాను పనిచేయునో లేదో చూడుడు. ముందునకు తిరిగి కూర్చున్నవానికి ఎడమప్రక్క ఎఱ్ఱదీపము, కుడిప్రక్క పచ్చదీపము, వెనుక తెల్లదీపము ఉండవలయునని 1972 నాటి అంతర్జాతీయ నియమము. ఎదుటి పడవవాడు చీకటిలో మన దారిని ఎఱుగుట ఈ రంగులవలననే గనుక ఇవి తాఱుమాఱు కారాదు.

1917 నాటి చట్టమునకు బదులు వచ్చిన 2021 దేశీయ జలనౌకల చట్టము ప్రకారము యంత్రముతో నడుచు పడవకు రిజిస్ట్రేషను, తనిఖీ పత్రము కావలయును. తనిఖీదారు వచ్చుదినమున మెఱుగు పెట్టుటకు కాక, అతడు విప్పి చూచినను తల వంచుకొననక్కఱలేని విధమున పని చేయింపుడు. ఎక్కువాఱ కొక్కొక్క ప్రాణరక్షక కోటు, నిప్పునార్పు సిలిండరు లేని పడవను ఱేవు దాటనీయకుడు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న లాభమేమి?

కడపట ఒక చిన్నపని. పాత తీగలను తీయకముందే ఏది ఎచ్చటికి పోవుచున్నదో కాగితముపై వ్రాసికొనుడు. క్రొత్త తీగల రెండు కొసలకును పేర్ల చీటీలు కట్టుడు. పని ముగిసిన పిదప క్రొత్త పటమును గీచి, తీగల లావు, ఫ్యూజుల కొలత, వేసిన తేది వ్రాసి, తడియకుండ కప్పి, పలక లోపలివైపున అంటింపుడు. ఉమ్మడి సొమ్ముతో కొన్న పడవ ఒకని చేతిలోనే యుండదు. పది యేండ్ల పిదప ఆ పలకను విప్పువాడు మన కుమారుడో, పొరుగువాని కుమారుడో కావచ్చును. వానికి ఊహ కాక పటము దొరకవలయును.