కోడు రాసింది మీరే, మరి హక్కు ఎవరిది? యాప్ అమ్మేముందు ఒక్కసారి

ఈరోజు స్టూడియోలో కాదు, పట్టిసీమ రేవులో కూర్చుని మాట్లాడుతున్నాను. వెనకాల గోదావరి, ఆ కొండ మీద వీరభద్రస్వామి గుడి కనపడుతున్నాయి కదా. మధ్యలో లాంచీ చప్పుడు వస్తే ఏమనుకోకండి.

మొన్న ఇక్కడి కుర్రాడొకడు, డిగ్రీ ఫైనలియర్, నన్ను పట్టుకున్నాడు. "అన్నా, ఎరువుల కొట్టుకి బిల్లింగ్ యాప్ చేసిచ్చాను. 15 వేలు ఇచ్చారు. ఇప్పుడు ఓనరు గారు అదే యాప్‌ని వాళ్ళ బావమరిది కొట్టులో కూడా పెట్టేశారు. ఇదేంటండీ అంటే, డబ్బులిచ్చి కొన్నాం కదా అంటున్నారు." కాగితం ఏమైనా రాసుకున్నారా అని అడిగాను. "లేదన్నా, తెలిసినవాళ్ళే కదా అని..." అదిగో, కథంతా అక్కడే ఉంది.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని సాహిత్య రచన కిందే లెక్కేస్తారు. అంటే నవలకి ఎలాంటి హక్కో, మీ కోడుకీ అలాంటి హక్కే. రిజిస్టర్ చేయించకపోయినా, రాసిన క్షణం నుంచీ మీదే. చేయించుకుంటే రేపు గొడవొస్తే సాక్ష్యంగా పనికొస్తుంది, అంతే. పేటెంట్ గురించి కూడా అడుగుతుంటారు. ఉత్త ప్రోగ్రామ్‌కి మన దేశంలో పేటెంట్ రాదండి, పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) ఆ మాట నేరుగానే చెప్పింది.

ఇక్కడొక మెలిక ఉంది. మీరు కంపెనీలో ఉద్యోగి అయ్యి, ఉద్యోగంలో భాగంగా రాస్తే, వేరే ఒప్పందం లేకపోతే హక్కు కంపెనీది. సెక్షన్ 17. కానీ బయటి మనిషిగా పని ఒప్పుకుని చేసిస్తే, డబ్బులు తీసుకున్నంత మాత్రాన హక్కు చెయ్యి మారదు. ఇది చాలామంది ఓనర్లకి తెలీదు, చేసిచ్చే కుర్రాళ్ళకి అసలే తెలీదు.

మన డెల్టా వాళ్ళకి ఇది చెప్పడం తేలిక. పొలం కౌలుకివ్వడం వేరు, రిజిస్ట్రీ చేసి అమ్మెయ్యడం వేరు. కౌలుకిస్తే పంట వాళ్ళది, పొలం మీదే. సాఫ్ట్‌వేర్‌లో కౌలుని లైసెన్స్ అంటారు. అమ్మకాన్ని అసైన్‌మెంట్ అంటారు. అసైన్‌మెంట్ జరగాలంటే రాతపూర్వకంగా ఉండాలి, మీ సంతకం ఉండాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళకే ఇచ్చినట్టు. ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే ఇచ్చినట్టు. ఇవన్నీ సెక్షన్ 19లోవే.

కాబట్టి మన కుర్రాడి యాప్ ఇంకా మన కుర్రాడిదే. ఓనరు గారు తన కొట్టులో వాడుకోవచ్చు, పోతుందేమోనని బ్యాకప్ కాపీ పెట్టుకోవచ్చు, దానికి చట్టమే ఒప్పుకుంటుంది. బావమరిది కొట్టు మాత్రం బ్యాకప్ కాదు కదా! అయితే "నోటిమాటగా ఒక్క కొట్టుకే అనుకున్నాం" అని ఇతను, "ఎక్కడైనా వాడుకోమన్నాడు" అని ఆయన అంటే, తేల్చడానికి ఏళ్ళు పడుతుంది. 15 వేల యాప్‌కి ఎవరు తిరుగుతారండి కోర్టు చుట్టూ? అందుకే ఒక్క పేజీ చాలు. ఏ కొట్టుకి, ఎన్ని ఫోన్లకి, ఎన్నాళ్ళకి, సోర్స్ కోడ్ ఇస్తున్నామా లేదా, బగ్ వస్తే ఎన్ని నెలలు ఫ్రీగా చూస్తాం. తెలుగులో రాసుకున్నా చెల్లుతుంది.

18 నిండని తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ వింటున్నారా? కోడు మీద హక్కు మీకూ ఉంటుంది, కానీ మీరు చేసే ఒప్పందం చెల్లదు. అమ్మానాన్నల్లో ఒకర్ని ముందు పెట్టుకోండి.

ఆ కుర్రాడు ఇంకో మాటన్నాడు, అది విని నేను కంగారుపడ్డాను. "నా సర్వర్ పాస్‌వర్డ్ నా దగ్గరే ఉందన్నా, ఒక్క నొక్కు నొక్కితే వాళ్ళ బిల్లింగ్ ఆగిపోద్ది." వద్దు బాబూ! వాళ్ళ డేటాని వాళ్ళకే అందకుండా చేస్తే ఐటీ చట్టం, 2000 సెక్షన్ 43 కిందకి రావచ్చు. దురుద్దేశంతో చేశారని తేలితే 66 కూడా, అది నేరం. మనకి న్యాయం ఉండగా కేసు మన మీదకి తెచ్చుకోవడం ఎందుకు? ముందు నోటీసు పంపాలి.

మీరు నెట్‌లోంచి తీసుకున్న కోడు సంగతీ చూసుకోండి. ఫ్రీగా దొరికినంత మాత్రాన షరతులు లేవని కాదు. ఎమ్ఐటీ లైసెన్స్ అయితే వాళ్ళ కాపీరైట్ నోటీసు ఉంచితే చాలు. జీపీఎల్ కోడు కలిపి యాప్ అమ్మితే, కొన్నవాళ్ళకి మీ సోర్స్ కూడా ఇవ్వాల్సొస్తుంది. మన మండలి ఫాంట్ ఉంది కదా, అది ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉంది. యాప్‌లో పెట్టి అమ్ముకోవచ్చు, ఫాంట్‌ని విడిగా అమ్మకూడదు.

ఇక పన్ను. దీనికి మన రాష్ట్రం కేసే దేశమంతా చదువుకుంటారు. టీసీఎస్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ మీద అమ్మకం పన్ను కట్టమని మన ప్రభుత్వం అంది. ఇది చేత్తో పట్టుకునే సరుకు కాదు, కొనేవాడు డిస్కు కోసం కాదు, అందులోని తెలివి కోసం డబ్బిస్తున్నాడు అని టీసీఎస్ వాదన. 2004 నవంబర్‌లో సుప్రీంకోర్టు, అయిదుగురు జడ్జిల బెంచ్, రెడీమేడ్‌గా అమ్మేది సరుకేనని తేల్చింది. ఇప్పుడు జీఎస్టీ వచ్చాక, ఒకరి కోసం చేసిచ్చే సాఫ్ట్‌వేర్‌ని సేవ కింద చూస్తారు, 18 శాతం. మన ఏపీలో సేవలకి ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కాబట్టి మొదటి యాప్‌కే భయపడిపోకండి. ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్క మాత్రం వేరే, ఆ 15 వేలు కూడా ఆదాయమే.

ఆ కుర్రాడు ఓనరు గారి దగ్గరికి వెళ్ళి, రెండో కొట్టుకి విడిగా లైసెన్స్ రాసిస్తానని అడుగుతానన్నాడు. ఏమన్నారో తెలిశాక మళ్ళీ చెప్తాను. లాంచీ వచ్చేసింది, ఉంటానండి.