గుండెకు రైలు, మూత్రపిండమునకు తాత్సారము

2025 జనవరి 17వ తేది రాత్రి ఒక మెట్రోరైలు ఎల్బీనగరమున బయలుదేరి నాంపల్లి మీదుగా లక్డీకాపూలు చేరినది. అందు దాత యొసగిన గుండెకాయ యుండెను. 13 కిలోమీటర్ల దూరము 13 నిమిషములలో గడచినది. అబిడ్సు వీథుల రద్దీ నెరిగిన వారెవ్వరును ఆ యేర్పాటును మెచ్చకుండలేరు.

కాని దాతల మూత్రపిండముల గతి యేమి? శరీరమును వీడిన గుండె నాలుగైదు గంటలకు మించి నిలుచుట కష్టము. మూత్రపిండమో, మంచునందు ఒక దినమువరకు, ఒక్కొక్కప్పు డంతకు మించియు నోర్చుకొనును. ఈ యోర్పే దానికి శత్రువైనది. నిలుచును గదా యని పరీక్షాఫలితములకై యొకరు, ఇంకను మేలైనది దొరకకపోవునా యని మరియొకరు కాలము పుచ్చుదురు. గడచిన ప్రతి గంటయు దాని సత్తువను హరించుచునే యుండును. అమెరికాలో 2004 మొదలు 2014 వరకు మృతదాతలనుండి తీసిన మూత్రపిండములలో నూటికి 18 వరకు పారవేయబడినవి. ఫ్రాన్సులో 9 మాత్రమే. ఫ్రెంచివారి పద్ధతి ననుసరించినచో, అమెరికాలో పారవేసిన వానిలో నూటికి 62 వినియోగపడియుండెడివని పరిశోధకులు లెక్కించిరి. వృద్ధదాత మూత్రపిండమును ఫ్రెంచివారు త్రోసివేయరు, వృద్ధరోగికే యమర్చుదురు. అది నిర్దుష్టమా యని గాక, వారమునకు మూడు పర్యాయములు నాలుగేసి గంటలు డయాలిసిస్ యంత్రమునకు కట్టుబడుటకంటె మేలా కాదా యని యడుగవలెను. నాంపల్లి స్టేషనున దిగి ఉస్మానియా ఆస్పత్రికి పోవు రోగికి ఈ ప్రశ్న యర్థమగుటకు వ్యాఖ్యాన మక్కరలేదు.

మన యెడ నష్టము అంతకుముందే జరుగుచున్నది. జీవన్‌దాన్ పథకము 2013లో ఆరంభమైనది. 1994 నాటి చట్టము ప్రకారము, మెదడు మృతినొందినదని నలుగురు వైద్యులు ఆరుగంటల యెడముతో రెండుమారులు పరీక్షించి ధ్రువపరుపవలెను. ఆ వైద్యులను పిలుచువారు లేకపోయినను, రక్తపుపోటును నిలుపు శ్రద్ధ లోపించినను, గుండె యాగిపోవును. దానితో రెండు మూత్రపిండములును పోవును. తీసి పారవేసినది లెక్కకు వచ్చును గాని, తీయకయే పోయినది యే లెక్కకును రాదు.

ప్రమాదమున మరణించినవారి విషయమున సూర్యాస్తమయము పిమ్మట శవపరీక్ష కూడదను నిబంధన యుండెడిది. అవయవదానము నిమిత్తము అది 2021 నవంబరున సడలినది. ఆ సాకును పోయినది. తీవ్రచికిత్సా విభాగమున దానమునుగూర్చి బంధువులను విచారించుట వైద్యుని విధియని చెప్పు 2011 సవరణ చట్టమును, నాంపల్లి ప్రక్కనే యున్న మన శాసనసభ 2025 మార్చిలో నంగీకరించినది. పదునాలుగేండ్లు! మూత్రపిండమునకే కాదు, చట్టమునకును మన యొద్ద ఓర్పు హెచ్చే.

ఇక చేయవలసినది కష్టసాధ్యము కాదు. ప్రతి యాస్పత్రియు నెలనెలకు ఎందరి మెదడు మరణమును ధ్రువపరచినదో, ఎందరి బంధువుల నడిగినదో, ఎన్ని మూత్రపిండములు తీసి యెన్ని యమర్చినదో, పారవేసిన ప్రతిదానికిని కారణమేమో ప్రజలకు ప్రకటింపవలెను.