డీగ్ రాజోద్యానం: రాతిలో మలచిన వర్షర్తువు

రాజస్థాన్ రాష్ట్రపు తూర్పు సరిహద్దున, మథురకు, గోవర్ధనగిరికి చేరువలో డీగ్ అనే చిన్న పట్టణం ఉన్నది. చిరకాలం భరత్‌పూర్ జిల్లాలో భాగంగా ఉన్న ఈ పట్టణం 2023లో ప్రత్యేక జిల్లాకు కేంద్రమైనది. ఆగ్రా, ఢిల్లీ నగరాల కట్టడాలకు ఉన్నంత ప్రసిద్ధి డీగ్‌కు లేదు. అయినప్పటికీ ఇక్కడి రాజభవనాల నడుమనున్న ఉద్యానం మన దేశంలోని తోటలలో ఒక విశిష్ట స్థానాన్ని పొందదగినది. వేసవి తాపం తీవ్రంగా ఉండే ఈ సీమలో, కోరినప్పుడు వాన కురిపించాలనే ఉద్దేశంతో నిర్మించిన తోట ఇది.

18వ శతాబ్ది పూర్వార్ధంలో మొగలు సామ్రాజ్యం క్షీణిస్తున్న కాలంలో జాట్ నాయకుడు బదన్‌సింగ్ డీగ్‌ను తన రాజధానిగా చేసుకున్నాడు. ఆయన అనంతరం రాజ్యానికి వచ్చిన సూరజ్‌మల్ ఈ భవన సముదాయానికి ప్రధాన నిర్మాత. 1763లో యుద్ధరంగంలో మరణించేవరకు సూరజ్‌మల్ జీవితం ఎక్కువగా దండయాత్రలలోనే గడిచింది. 1761లో మూడవ పానిపట్టు యుద్ధంలో ఓడి చెల్లాచెదరై వచ్చిన మరాఠా సైనికులకు, వారి కుటుంబాలకు అన్నవస్త్రాలిచ్చి, ఆశ్రయం కల్పించి, గ్వాలియర్ దిశగా క్షేమంగా సాగనంపినవాడు ఆయనే. అటువంటి కల్లోల కాలంలో ఇంతటి సుకుమారమైన తోట రూపొందడం ఆశ్చర్యం కలిగిస్తుంది.

తోటలో నడక

ప్రధాన ప్రవేశం సింగ్ పోల్ అనే ద్వారం. ఉత్తరాన ఉన్న ఈ ద్వారం దాటి లోపలికి అడుగుపెట్టగానే చతురస్రాకారపు విశాలమైన ఉద్యానం కనిపిస్తుంది. ఒకదానినొకటి ఖండించుకునే బాటలు దానిని నాలుగు భాగాలుగా విభజిస్తాయి. బాటల వెంట రాతి కాలువలు, కాలువలలో వరుసలు తీరిన ఫౌంటెన్లు ఉన్నవి. పడమట గోపాల భవనం, ఉత్తరాన నంద భవనం, దక్షిణాన కిషన్ భవనం, తూర్పున కేశవ భవనం ఈ తోటకు నాలుగు హద్దులు. వ్రజభూమిలో వెలసిన కట్టడాలు గనుక వాటి పేర్లన్నీ శ్రీకృష్ణుని స్మరింపజేస్తాయి.

వీటిలో అన్నిటికంటె పెద్దది గోపాల భవనం. తోట వైపునుండి చూచినవారికి అది సామాన్యమైన ఎత్తు గల మేడ. వెనుకకు వెళ్లి చూస్తే దాని కింది అంతస్తులు గోపాల సాగరమనే తటాకపు నీటిలోకి దిగి ఉంటాయి. నీటి మీదుగా వచ్చే గాలి గదులను చల్లబరుస్తుంది. భవనం ముందు ఎత్తయిన వేదికపై పాలరాతి ఊయల చట్రం నిలిచి ఉన్నది. దానిని ఢిల్లీనుండి విజయచిహ్నంగా తెచ్చారని ప్రతీతి.

గోపాల భవనానికి ఇరువైపులా పల్లకీని పోలిన వంపు కప్పులతో రెండు చిన్న మండపాలున్నవి. ఒకటి సావన్, రెండవది భాదో. అనగా శ్రావణ, భాద్రపద మాసాలు. ఇక్కడ తెలుగు పాఠకులు గమనింపదగిన విశేషమొకటి ఉన్నది. మనకు మాసం అమావాస్యతో ముగుస్తుంది. ఉత్తరాదిన పూర్ణిమతో ముగుస్తుంది. అందుచేత మనం శ్రావణ బహుళాష్టమి అని జరుపుకొనే కృష్ణాష్టమి అక్కడివారికి భాదో మాసపు అష్టమి. నెల పేరు మారినా రాత్రి ఒక్కటే, పండుగ ఒక్కటే.

మేఘం లేని వాన

తూర్పున రూపసాగర తటాకపు ఒడ్డున కేశవ భవనం అన్నివైపులా తెరచి ఉన్న ఒంటి అంతస్తు మండపం. దీని లోపల చుట్టూ ఒక కాలువ, అందులో ఫౌంటెన్లు అమర్చారు. పైకప్పులో రాతిగుండ్లను ఉంచి, గొట్టాలద్వారా వచ్చే నీటి వడికి అవి దొర్లేటట్లు ఏర్పాటు చేశారు. గుండ్లు దొర్లితే ఉరుము వంటి ధ్వని వచ్చేది. అదే సమయంలో తోరణాల పైనున్న తూములనుండి నీరు జారి మండపం చుట్టూ వానతెరలుగా పడేది. ఆకాశంలో మబ్బు లేకున్నా లోపల కూర్చున్నవారికి వర్షాకాలపు అనుభూతి కలిగేది.

ఈ వింతకంతటికీ మూలాధారం కిషన్ భవనం వైపున, పైకప్పుల ఎత్తులో నిర్మించిన జలాశయం. అందులో దాదాపు 6 లక్షల గ్యాలన్లు, అనగా సుమారు 27 లక్షల లీటర్ల నీరు పడుతుంది. దాని గోడలలో వరుసగా రంధ్రాలున్నవి. రంధ్రాలనుండి బయలుదేరిన గొట్టాలు గోడలలోను, నేల కిందను సాగి తోటలోని ఫౌంటెన్లను చేరుతాయి. నీరు పైనుండి పల్లానికి దిగేటప్పుడు కలిగే ఒత్తిడే దానిని తిరిగి పైకి చిమ్ముతుంది. చిమ్మడానికి వేరే యంత్రం అక్కరలేదు. ఉత్సవ దినాలలో రంగుపొడి నింపిన చిన్న గుడ్డసంచులను రంధ్రాలలో ఉంచుతారు. నీరు వాటిగుండా ప్రవహించి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ధారలై పైకి లేస్తుంది.

అయితే ఆ నీటిని అంత ఎత్తుకు చేర్చినది ఎద్దుల బలం, మనుషుల చెమట. బావులనుండి తోలు బానలతో మోట తోలి జలాశయాన్ని నింపేవారు. మన రాయలసీమ రైతులు కపిల అని పిలిచే పద్ధతి వంటిదే ఇది. నిండడానికి వారం రోజులు పట్టేదని, ఆ నీరు కొద్ది గంటలలోనే ఖర్చయ్యేదని చెబుతారు. ఒక్కొక్క బానకు 30 గ్యాలన్లు వస్తాయనుకుంటే 6 లక్షల గ్యాలన్లకు 20 వేల మోటలు కావాలి. రోజుకు సుమారు 2,850 సార్లు బాన పైకి రావాలి. రాజకుటుంబం ఒక సాయంకాలం అనుభవించిన వాన వెనుక ఇంత శ్రమ ఉన్నది. మోట తోలినవారి పేర్లు ఏ శిలపైనా కానరావు.

పలు సీమల కలయిక

నాలుగు భాగాల తోట ఇరాన్, మధ్య ఆసియా ప్రాంతాలలో రూపొంది బాబరుతో పాటు మన దేశానికి వచ్చిన సంప్రదాయం. భవనాలపై కనిపించే వంపు కప్పు బెంగాలులోని వెదురు ఇళ్లనుండి పుట్టి, మొగలు నిర్మాణాలద్వారా ఉత్తరాపథమంతటా వ్యాపించినది. పసుపు ఛాయ గల ఇసుకరాయి సమీపంలోని బంసీ పహాడ్‌పూర్ గనులది. సావన్, భాదో అనే పేర్లు అంతకుముందే, 1648 నాటికి పూర్తయిన ఢిల్లీ ఎర్రకోట తోటలోని రెండు మండపాలకు ఉన్నవి. ఇరాన్ పద్ధతి తోటలో మొగలు చక్రవర్తి భారతీయ మాసాల పేర్లను నిలిపితే, ఆ చక్రవర్తి వారసులతో పోరాడిన జాట్ రాజు అదే తోటను, అవే పేర్లను తనవిగా చేసుకున్నాడు. యుద్ధాలు రాజ్యాలను విడదీసినా శిల్పుల విద్యకు సరిహద్దులు ఏర్పడలేదు. దక్కనులోని గోలకొండ కోటలోను నీటిని అంచెలంచెలుగా పైకి తోడి, మట్టి గొట్టాలద్వారా భవనాలకు పంపేవారన్న సంగతి ఇక్కడ స్మరణీయం.

నేటి స్థితి

1804 నవంబరులో డీగ్ వద్ద హోల్కరు సేనలకు, ఆంగ్లేయులకు ఘోర యుద్ధం జరిగింది. డిసెంబరులో కోట ఆంగ్లేయుల వశమైనది. అయినను తోట, భవనాలు నిలిచినవి. ప్రస్తుతం భారత పురావస్తు శాఖ వీటిని సంరక్షిస్తున్నది. గోపాల భవనంలో భరత్‌పూర్ రాజుల నాటి గృహోపకరణాలను ప్రదర్శనకు ఉంచారు. ఫౌంటెన్లు ఏడాదిలో కొన్ని ఉత్సవ సందర్భాలలో మాత్రమే చిమ్ముతాయి. జలాశయాన్ని నింపే పనిని ఎద్దులకు బదులు పంపులు చేస్తున్నవి.

మిగిలిన దినాలలో వెళ్లినవారికి కాలువలు పొడిగా కనిపిస్తాయి. అప్పుడు పచ్చికను, పాలరాతి ఊయలను చూచి తిరిగి రాక, బావులనుండి జలాశయానికి, జలాశయపు రంధ్రాలనుండి కేశవ భవనపు తూములకు నీరు సాగిన దారిని అనుసరించి నడవాలి. తోట నిర్మాణ రహస్యం, దాని కోసం జరిగిన శ్రమ రెండూ ఆ దారిలోనే బోధపడతాయి.