మీకు తెలుసా? చమురు ధర సున్నకు దిగువకు పోయిన దినము

2020 ఏప్రిల్ 20వ తేదీన న్యూయార్కు విపణియందు, మే నెలలో అప్పగింపవలసిన అమెరికా ముడిచమురు వాయిదా ఒప్పందముల ధర బ్యారెలు ఒక్కింటికి సున్నకు 37.63 డాలర్లు దిగువన ముగిసినది. అనగా, అమ్మువాడే కొనువానికి ఎదురు సొమ్మిచ్చి సరకును వదిలించుకొనవలసి వచ్చినది.

గడువు తీరువరకు ఆ ఒప్పందమును చేత నుంచుకొన్నవాడు ఓక్లహోమా రాష్ట్రమందలి కుషింగ్ పట్టణమున చమురును స్వయముగా స్వీకరింపవలయును. కోవిడ్ మహమ్మారిచే వాహనములును విమానములును నిలిచిపోయి వినియోగము క్షీణింపగా, సముద్రమునకు సుదూరమైన ఆ పట్టణపు ట్యాంకులలో మిగిలిన చోటు సైతము ముందుగనే అద్దెకు పోయియుండెను. చమురు వ్యాపారమున బావి యెంత ముఖ్యమో నిలువచేయు తావును అంతే ముఖ్యమని ఇంత స్పష్టముగ చూపిన దినము వేరొకటి లేదని నా నిశ్చితాభిప్రాయము. ఉత్తర సముద్రపు బ్రెంట్ చమురు నౌకలపై దేశదేశములకు పోగలదు గనుక, నాడు దాని ధర 25 డాలర్లకు పైననే నిలిచినది.