పుట్టే నక్షత్రాలు చిమ్మే వాయుధారలు

వాయువూ ధూళీ ఒకచోటికి చేరి నక్షత్రం పుడుతుందని విద్యార్థులు చదువుకొనే ఉంటారు. కాని ఇంకా రూపు కట్టని శిశు నక్షత్రాలు తమవైపు వచ్చే పదార్థంలో సుమారు పదోవంతును రెండు ధారలుగా, ఎదురెదురు దిక్కులకు, సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో బయటికి చిమ్ముతున్నవి. కూడబెట్టవలసిన వేళ ఈ దుబారా ఏమిటి?

ఈ ధారల జాడ మొదట మచ్చలుగా దొరికింది. 1940 దశాబ్దం చివర అమెరికాలో జార్జి హెర్బిగ్, మెక్సికోలో గియెర్మో హారో, ఎవరికి వారుగా, ఒరాయన్ మండలంలో (మన మృగశిర, ఆరుద్ర ఉన్నది ఇందులోనే) కొన్ని చిన్న వెలుగు మచ్చలను పరిశీలించారు. వాటి వర్ణపటాలు మామూలు నక్షత్రాలవాటివలె లేవు. ఆ మచ్చలే పుట్టబోయే నక్షత్రాలని కొందరు భావించారు. ఊహ ముచ్చటైనదే గాని నిలువలేదు. 1981లో హెర్బిగ్, జోన్స్ అనే మరొక శాస్త్రజ్ఞునితో కలిసి, పాత ఛాయాచిత్రాలను కొత్తవాటితో పోల్చి చూడగా, మొదటి రెండు మచ్చలు ఎదురు దిక్కులకు పరుగెత్తుతున్నట్లు తేలింది. వాటి నడుమ ధూళి మాటున దాగిన శిశు నక్షత్రాన్ని 1985లో రేడియో దూరదర్శిని పట్టి ఇచ్చింది. మచ్చ నక్షత్రం కాదు. నక్షత్రం నుండి వెలువడిన ధార చుట్టూ ఉన్న వాయువును ఢీకొని వేడెక్కిన చోటు.

ఇక కారణం. సన్నని వెదురు గొట్టంలో దారం దూర్చి, పై కొనకు చిన్న రాయి కట్టి గిరగిర త్రిప్పి, క్రింది కొనను మెల్లగా లాగితే, దారం పొట్టి అయినకొద్దీ రాయి వేగం పెరుగుతుంది. తరగతిలో దీనిని చేసి చూపవచ్చును. కోణీయ ద్రవ్యవేగం నశించదు గనుక ఇట్లా జరుగుతుంది. నక్షత్రంగా మారే మేఘం వ్యాసంలో లక్షల రెట్లు కుంచించుకుపోవాలి. మొదట దానికి ఎంత కొద్దిపాటి భ్రమణమున్నా, చివరకు అది భరింపరానిదవుతుంది. పదార్థం లోపలికి పడలేక బిళ్ళవలె పరచుకొని చుట్టూ తిరుగుతూ ఉండిపోతుంది. ఆ భ్రమణాన్ని ఎవరో మోసుకుపోతేగాని నక్షత్రం పెరగదు.

మోసుకుపోయేవాటిలో ఈ ధారలు ముఖ్యమైనవి. తిరిగే బిళ్ళతోపాటు అయస్కాంత బలరేఖలూ తిరుగుతవి. వాటి వెంబడి వాయువు, పిట్టలను తోలే వడిసెలలోని రాయివలె, వెలుపలికి విసరబడుతుంది. పొడవాటి చేతితో విసిరినట్లు కావడంచేత, పోయే పదార్థం కొంచెమే అయినా అది తీసుకుపోయే కోణీయ ద్రవ్యవేగం చాలా ఎక్కువ. పైన బలరేఖలు మెలిపడి ధారను సన్నగా నొక్కి పట్టి ఉంచుతవి. విసరుడు బిళ్ళలో ఏ భాగాన మొదలవుతుందన్న వివరాలపై శాస్త్రజ్ఞులలో వాదం ఉన్నది. అయినా ఒక పరీక్ష జరిగింది. ధార భ్రమణాన్ని మోస్తున్నదంటే, అది తానూ తన అక్షం చుట్టూ తిరుగుతూ ఉండాలి గదా. చిలీ దేశపు ఎత్తైన ఎడారిలోని ఆల్మా రేడియో దూరదర్శినులతో ఒరాయన్‌లోని 212వ హెర్బిగ్–హారో ధారను పరిశీలించి, 2017లో ఆ సంగతి ప్రకటించారు. ధార తిరుగుతున్నది, బిళ్ళ తిరిగే దిక్కుకే తిరుగుతున్నది.