శిశువులు - వర్గీకరణము

నాలుగేండ్ల పిల్లవాని ముందు గవ్వలు, ఎర్ర గుండీలు, తెల్ల గుండీలు కలిపి పోసి, ఒకే రకమైనవి ఒకచోట చేర్చుమన్నచో, వాడు కొన్నిటిని రంగునుబట్టి పేర్చి, చివర ఒక గవ్వ నుంచి "ఇది పాము" అనవచ్చును. దీనిని తెలివితక్కువతన మనరాదు. జీన్ పియాజే, బార్బెల్ ఇన్‌హెల్డర్ అను స్విట్జర్లండు శాస్త్రజ్ఞులు 1959లో ప్రకటించిన గ్రంథమున ఇట్టి కూర్పులను వర్గీకరణమునకు మొదటి మెట్టుగా వర్ణించిరి. రెండవ మెట్టున పిల్లలు రంగునో, ఆకారమునో పట్టుకొని రాశులు చేయుదురు.

మూడవ మెట్టు కష్టతరము. ఏడు బంతిపూలు, మూడు గులాబీలు చూపి, "బంతిపూ లెక్కువా, పూ లెక్కువా?" అని అడిగినచో, ఏడేండ్లలోపు పిల్లలు పెక్కుమంది "బంతిపూలే" అందురు. మొత్తమును, అందలి భాగమును ఒకేసారి మనస్సున నిలుపలేక, బంతిపూలను గులాబీలతో పోల్చుటయే దీనికి కారణమని పియాజే భావించెను.

అయితే ప్రశ్న అడుగు తీరును బట్టియు జవాబు మారును. మార్గరెట్ డొనాల్డ్‌సన్ 1978 నాటి తన గ్రంథములో మెక్‌గారిగిల్ చేసిన ప్రయోగమును వివరించెను. మూడు నల్లవి, ఒక తెల్లది, నాలుగు బొమ్మ ఆవులను పడుకొనబెట్టి, "నల్ల ఆవు లెక్కువా, ఆవు లెక్కువా?" అని అడుగగా ఆరేండ్ల పిల్లలలో నూటికి 25 మందియే సరిగా చెప్పిరి. రెండవ భాగమును "నిద్రపోవు ఆవు లెక్కువా?" అని మార్చగా 48 మంది చెప్పగలిగిరి.

కావున ఉపాధ్యాయుడు వెంటనే తప్పు దిద్దక, "వీటిని ఒకచోట ఎందుకు పెట్టితివి?" అని ముందు అడుగవలెను. పిమ్మట ఆ వస్తువులనే పరిమాణమును బట్టి మరల వేరుచేయించవలెను. ఒకే వస్తువు పలు వర్గములకు చెందునని పిల్లవాడు గ్రహించుటయే ఈ ఆటకు ఫలము.