సహనమంటే మౌనం కాదు

కొన్నేళ్ల క్రితం నంద్యాల వైపు నుంచి ఒక యువకుడు నా వద్దకు వచ్చాడు. "హజ్రత్, నా భార్య దాంపత్యానికి దూరంగా ఉంటోంది. షరీఅత్ ఏమంటుంది?" అని అడిగాడు. భర్త హక్కులను వివరించి, ఆమెకు నచ్చజెప్పమని పంపించాను. ఆమె బాధ ఏమిటో కనుక్కున్నావా అని మాత్రం అడగలేదు.

కొద్ది రోజులకు ఆ అమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చి నా భార్యతో మాట్లాడింది. పెళ్లయిన నాటి నుంచి ఆమెకు మర్మస్థానంలో మంట, నొప్పి. కూర్చున్నా, బట్ట తగిలినా ఓర్చుకోలేని బాధ. ఊళ్లోని ఆర్.ఎం.పి. విషయం పూర్తిగా వినకుండానే మాత్రలిచ్చాడు. మందుల దుకాణంలో అడిగి పూతమందు తెచ్చుకున్నారు. పట్టణంలో ఒక ఆసుపత్రికి వెళితే, 'ఒక కాన్పయితే అదే సర్దుకుంటుంది' అన్నారు. తావీజు కూడా కట్టించారు. మూడేళ్లలో ఒక్కరూ పరీక్షించి చూడలేదు. చివరకు ఆమెకు దక్కింది 'అవిధేయురాలు' అన్న ముద్ర. ఆ ముద్ర వేసిన వారిలో నేనూ ఒకణ్ణని తెలిసి సిగ్గుపడ్డాను.

ఈ బాధ కల్పన కాదు. స్త్రీ బాహ్య జననాంగంలో స్పష్టమైన కారణం కనిపించకుండా కనీసం మూడు నెలలపాటు కొనసాగే నొప్పిని వైద్యులు 'వల్వోడైనియా' అంటారు. అంతర్జాతీయ వైద్య సంఘాలు 2015లో దీనికి ఉమ్మడి నిర్వచనం ఇచ్చాయి. పైకి చర్మం మామూలుగానే కనిపించవచ్చు. అందుకే 'ఏమీ లేదు' అనే జవాబు వస్తుంది. దూదిపుల్లతో మెల్లగా తాకి చూస్తే నొప్పి ఎక్కడుందో తెలుస్తుంది. నరాల నొప్పిని తగ్గించే మందులు, కటి కండరాల బిగువును సడలించే వ్యాయామాలు చాలామందికి ఉపశమనం ఇస్తాయి.

అన్ని నొప్పులూ ఇదే కాదు. బూజు జాతి ఇన్‌ఫెక్షన్, మధుమేహం వల్ల కలిగే దురద, 'లైకెన్ స్క్లెరోసస్' అనే చర్మవ్యాధి కూడా కారణం కావచ్చు. ఈ చివరి వ్యాధిలో చర్మం తెల్లబడి పలచబడుతుంది. నిర్లక్ష్యం చేస్తే కొందరిలో క్యాన్సర్‌కు దారితీసే ప్రమాదమూ ఉంది. కనుక పరీక్ష లేని పూతమందు వైద్యం కాదు.

మన ఇళ్లలో 'హయా' పేరుతో ఈ మాట గడప దాటదు. అయితే దైవప్రవక్త (స) సన్నిధిలో స్త్రీలు ఎలా మాట్లాడారో చూడండి. ఎడతెగని రక్తస్రావంతో బాధపడిన హజ్రత్ ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) నేరుగా ఆయననే అడిగారు. అది ఋతుస్రావం కాదని, నరం నుంచి వచ్చే రక్తమని ఆయన వివరించి, నమాజు మానవద్దన్నారు. ఆమెను కసరలేదు, నిందించలేదు. ధర్మాన్ని తెలుసుకోవడానికి సిగ్గును అడ్డు రానీయని అన్సార్ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) ప్రశంసించారు. ప్రతి రోగానికీ అల్లాహ్ చికిత్సను కూడా అవతరింపజేశాడని ప్రవక్త (స) బోధించారు. సబ్ర్ అంటే చికిత్సను వెతుకుతూ నిరాశ చెందకుండా ఉండటమే గాని, నోరు మూసుకుని కుమిలిపోవడం కాదు.

భర్తలకొక మాట. భార్యతో మంచిగా జీవించమని దివ్యఖుర్ఆన్ ఆదేశం. ఆమె భరించగలిగినదానికి మించిన సాంగత్యం ధర్మసమ్మతం కాదని హనఫీ ఫిఖహ్ విద్వాంసులు స్పష్టం చేశారు. నొప్పితో వెనుకాడే భార్య అవిధేయురాలు కాదు, రోగి.

సోదరీమణులారా! కర్నూలు, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో స్త్రీల వ్యాధుల విభాగం, చర్మవ్యాధుల విభాగం రెండూ ఉన్నాయి. వైద్యురాలిని కోరండి. దొరకని పక్షంలో అవసరమైన మేరకు పురుష వైద్యునికి చూపించడానికి షరీఅత్‌లో అనుమతి ఉంది. నొప్పి ఎప్పటి నుంచి, ఎక్కడ, ఏ మందులు వాడారు అన్నవి కాగితంపై రాసుకువెళ్లండి. నోట రాని మాటను కాగితం చెబుతుంది. తహారత్ కోసం శుద్ధమైన నీరు చాలు. సబ్బులు, క్రిమిసంహారక ద్రావణాలు మంటను పెంచుతాయి.

ఆ అమ్మాయిని నా భార్యే ఒక వైద్యురాలి వద్దకు తీసుకువెళ్లింది. నెలల తరబడి చికిత్స సాగింది. బాధ పూర్తిగా పోలేదు గాని బాగా తగ్గింది. భర్త కూడా వెంట వెళ్లడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఎవరైనా దాంపత్య సమస్యతో వస్తే, తీర్పు చెప్పే ముందు నేనడిగే మొదటి ప్రశ్న, "ఆమెకు ఆరోగ్యం ఎలా ఉంది?"

బాధలో ఉన్న ప్రతి సోదరికీ అల్లాహ్ స్వస్థతను, ఆమె మాట వినే మనసును మనకు ప్రసాదించుగాక! ఆమీన్.